ఫ్రిజ్ ఎవరిది? బిల్లు ఎవరి పేరున?

మొన్న ఎండాకాలం హనుమకొండలో మా అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళిన రెండోరోజే వాళ్ళ పాత ఫ్రిజ్ చల్లబరచడం మానేసింది. మెకానిక్ వచ్చి ఏదో చేసి, "ప్రస్తుతానికి నడుస్తుంది, నెల కూడా నిలవదు, కొత్తది చూసుకోండి" అని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం హాల్లో చర్చ మొదలైంది. సింగిల్ డోరా, డబుల్ డోరా, లేక అల్మారాలాగా రెండు తలుపులూ పక్కపక్కన ఉండే సైడ్ బై సైడా? అన్నయ్యా, ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడూ ఫోన్లలో బొమ్మలు చూసుకుంటూ వాదించుకుంటున్నారు. వదిన ఆ చర్చలో లేదు. పాలు విరిగిపోకముందే మళ్ళీ కాచి, పెరుగు గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టి, పొద్దున రుబ్బిన దోసెపిండి పులిసిపోకముందే ఏం చేయాలా అని చూస్తోంది. డెబ్భై దాటిన మా అమ్మను అడిగితే, "నాకేం ఎరుక బిడ్డా, మీకేది నచ్చితే అది తెచ్చుకోండ్రి" అంది.

ఫ్రిజ్ పాడైతే ఎవరి పని పెరిగిందో వాళ్ళు తప్ప మిగతా అందరూ కొత్త ఫ్రిజ్ గురించి మాట్లాడుతున్నారు. ఇంత చిన్న విషయం మీద ఒక వ్యాసం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇంట్లో నిర్ణయాధికారం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే భూమి, ఇల్లు వంటి పెద్ద విషయాల దాకా పోనక్కర్లేదు. వంటింట్లో ఒక వస్తువు ఎలా కొంటారో గమనిస్తే చాలు.

మర్నాడు అందరం షాపుకు వెళ్ళాం. అక్కడ అమ్మే కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. లీటర్లు, కంప్రెసర్, గ్యారంటీ, నెలసరి వాయిదాలు అన్నీ అన్నయ్యకు వివరించాడు. చివరికి వదిన వైపు తిరిగి, "మేడమ్, మీకు ఏ కలర్ కావాలి?" అన్నాడు. వదిన "ఏదైనా ఫర్వాలేదు" అంది. అన్నయ్య నవ్వుతూ, "చూశావా, మీ వదినకు ఇవేవీ పట్టవు" అన్నాడు నాతో. స్త్రీల శ్రమ గురించి ఇన్నేళ్ళుగా చదువుతూ, రాస్తూ ఉన్న నేను కూడా అప్పుడు ఏమీ మాట్లాడలేదు. మా ఇంట్లో ఫ్రిజ్ కొన్నప్పుడు జరిగింది కూడా ఇదే. నేనూ రంగు మాత్రమే ఎంచుకున్నాను.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ వదిన తనంతట తనే మొదలుపెట్టింది. "రంగు అడిగితే ఏం చెప్పాలి? కింది డబ్బాలకెల్లి కూరగాయలు తియ్యాలంటే రోజూ నడుం పట్టేస్తది. పైన ఫ్రీజర్ల ఐసు గడ్డకడ్తే దాన్ని కరగబెట్టి, కారిన నీళ్ళు తుడిచేది నేనే. ఆ సంగతి అడిగినోళ్ళెవరు?" అంది. ఆమెకు ఇవేవీ పట్టకపోవడం కాదు. ఆమెకు తెలిసిన విషయాల గురించి ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరం కలిసి ఒక పని చేశాం. ఫ్రిజ్ పక్కన గోడకున్న క్యాలెండర్ వెనక ఒక కాగితం అంటించి, ఎవరు ఎప్పుడు తలుపు తీసినా ఒక గీత గీయమన్నాం. ఏ అర కోసం తీశారో కూడా రాయమన్నాం. రాత్రయ్యేసరికి గీతలు నలభై దాటాయి. అందులో ముప్పైకి పైగా వదినవే. ఫ్రీజర్ కోసం తీసింది మూడుసార్లు. అడుగున ఉండే కూరగాయల డబ్బా కోసం పదకొండుసార్లు. అన్నయ్య తీసింది నాలుగుసార్లు, నాలుగూ చల్లటి నీళ్ళకే. దీన్ని సర్వే అనను. ఒక ఇంట్లో ఒక రోజు లెక్క, అంతే. కానీ ఏ ఫ్రిజ్ కొనాలో తేల్చడానికి షాపులో విన్న మాటలన్నిటికన్నా ఆ కాగితమే ఎక్కువ పనికొచ్చింది.

ఎందుకంటే ఫ్రిజ్ రకాల మధ్య తేడా ప్రధానంగా వాడే మనిషి ఒంటికి సంబంధించినది. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ పైన, మిగతా అరలు కింద ఉంటాయి. అంటే రోజుకు రెండు మూడుసార్లు తీసేది కంటి ఎత్తున, పదేపదే తీసేది మోకాళ్ళ దగ్గర. ఫ్రీజర్ అడుగున ఉండే రకం మార్కెట్లో ఉంది. అందులో పాలు, పెరుగు, పిండి, కూరలు నడుం వంచకుండా అందుతాయి. దాని ధర కొంచెం ఎక్కువ. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో సాధారణంగా ఐసు పేరుకుంటుంది, దాన్ని కరిగించుకోవాలి. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో ఆ పని లేదు, కానీ అందులో ఫ్యాను, హీటరు ఉంటాయి కనుక కరెంటు ఎక్కువ తీసుకుంటుంది. సైడ్ బై సైడ్ దాదాపు మూడడుగుల వెడల్పుంటుంది. పెద్ద కుటుంబానికి చోటు ఎక్కువే, కానీ మన మామూలు వంటిళ్ళలో అది పట్టదు.

అన్నయ్యకు నచ్చింది సరిగ్గా అదే. టేపు పెట్టి కొలిస్తే వంటింటి గుమ్మం రెండున్నర అడుగులే ఉంది. "హాల్లో పెడదాం, బాగుంటుంది" అన్నాడు. నా చిన్నతనం గుర్తొచ్చింది. హైదరాబాద్ సనత్‌నగర్‌లో తయారయ్యే ఆల్విన్ ఫ్రిజ్ మా వీధిలో ఒకరింట్లో ఉండేది. దాన్ని హాల్లో పెట్టి, పైన లేసు గుడ్డ పరిచి, దాని మీద ప్లాస్టిక్ పూల గుత్తి పెట్టేవారు. అప్పట్లో ఫ్రిజ్ అంటే వచ్చినవాళ్ళకు చూపించే వస్తువు. ఇప్పటికీ ఆ చూపు పోలేదు. హాల్లో ఉన్న ఫ్రిజ్ చుట్టాలకు అందంగానే కనిపిస్తుంది. వంటచేసే మనిషికి మాత్రం ప్రతి పచ్చిమిరపకాయకూ ఒక నడక.

ఇక్కడ ఒక పుస్తకం సంగతి చెప్పాలి. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకం రాశారు. ఇంటి పనిలోకి యంత్రాలు వచ్చాక తల్లుల పని తగ్గకుండా ఎలా ఉండిపోయిందో అందులో చూపించారు. యంత్రం శ్రమను తగ్గిస్తుంది, నిజమే. కానీ దాంతోపాటు ఇంట్లో ఆశించే ప్రమాణాలు పెరుగుతాయి, అంతకుముందు మగవాళ్ళూ పిల్లలూ చేసిన పనులు కూడా గృహిణి మీదికే వస్తాయి. ఫ్రిజ్‌ల చరిత్రను కూడా ఆవిడ పరిశీలించారు. 1920లలో అక్కడ కరెంటుతో నడిచేవి, గ్యాస్ మంటతో నడిచేవి రెండు రకాలూ ఉండేవి. గ్యాస్ రకానికి మోటారు లేదు, చప్పుడు లేదు. అయినా కరెంటు రకమే నిలబడింది. పెద్ద విద్యుత్ కంపెనీల పెట్టుబడి, ప్రచారం దాని వెనక ఉండడం అందుకు ముఖ్య కారణమని ఆవిడ విశ్లేషణ. వంటింట్లోకి ఏ యంత్రం రావాలో వంటింట్లో పనిచేసేవాళ్ళు తేల్చలేదన్నమాట. షాపులో మనకు మిగిలిన రంగు ప్రశ్నకు ఇంత పాత చరిత్ర ఉంది.

మన ఇళ్ళలోనూ ఇది నిజమే. ఫ్రిజ్ వచ్చాక రోజూ బజారుకు పోయే పని తగ్గింది, రెండు రోజులకొకసారి పిండి రుబ్బితే సరిపోతోంది. దాంతోపాటే ఆకుకూర ఏరి గుడ్డలో చుట్టి పెట్టడం, వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి ముద్ద నూరడం, చింతపండు గుజ్జు తీసి ఉంచడం, మిరపకాయలకు తొడిమలు తీసి డబ్బాలో పోయడం కొత్త పనులుగా చేరాయి. వీటిని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఈ అంకెలు 289, 88. ఐదేళ్ళలో స్త్రీలకు పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఇద్దరి మధ్య దూరం దాదాపు అంతే ఉంది. ఈ మధ్యకాలంలో ఎన్ని వస్తువులు ఇళ్ళలోకి వచ్చాయో మనకు తెలుసు.

ఇక మిగిలిన కూర సంగతి. ఫ్రిజ్ లేనప్పుడు రాత్రి మిగిలింది పొద్దునకు పాడయ్యేది, పారేసేవాళ్ళం. ఇప్పుడది చిన్న గిన్నెలో మూడు రోజులుంటుంది. మూడో రోజు ఎవరి కంచంలోకి వస్తుంది? మగవాళ్ళకూ పిల్లలకూ వేడివేడిగా కొత్త కూర, తనకు నిన్నటిదీ మొన్నటిదీ. ఇంకా మిగిలితే ఇంట్లో పనిచేసే ఆమెకు. పెద్ద ఫ్రిజ్ కొనడమంటే మిగిలినవి దాచడానికి ఇంకొంత చోటు కొనడం కూడా. కాబట్టి ఎన్ని లీటర్లు కావాలన్న ప్రశ్నతోపాటు, ఇంట్లో మిగిలినది ఎవరు తింటున్నారన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

అన్నయ్య వాళ్ళింట్లో అంట్లు తోమి ఇల్లు తుడిచే ఆమెను, ఎలాంటిది కొంటే బాగుంటుందని నేను అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, "పెద్దది కొంటే కడిగేది గూడ పెద్దదే గదమ్మా" అంది. ఆ మాటకు వదిన, నేను ఇద్దరం తలొంచుకున్నాం. నెలకోసారి ఫ్రిజ్ అరలన్నీ తీసి కడగడం ఆమె ఒప్పుకున్న పనుల్లో లేదు, దానికి వేరే డబ్బు లేదు. అయినా చేస్తోంది. చాలా ఇళ్ళలో ఇంకా ఘోరం. ఫ్రిజ్ కడిగే చేతులు ఆ ఫ్రిజ్‌లోంచి సొంతంగా ఒక గ్లాసు చల్లటి నీళ్ళు తీసుకోకూడదు. కడగడానికి లేని అంటు తాగడానికి వస్తుంది. స్త్రీల శ్రమ గురించి మాట్లాడే మనం, మన వంటింట్లో మన శ్రమ తగ్గినప్పుడు అది ఇంకొక స్త్రీ మీదికి పోయిందేమో చూసుకోవాలి. ఆ స్త్రీ ఏ కులం నుంచి వచ్చిందో కూడా చూసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ చెప్పిన వాటన్నిటికీ అన్నయ్య దగ్గర ఒక సమాధానం ఉంది. "డబ్బు పెట్టేది నేను కదా." కోపంగా అనలేదు, సహజంగా అన్నాడు. ఈ మాటను మనం ఎన్ని ఇళ్ళలో వినలేదు! జీతం తెచ్చే మనిషి వెనక ఇల్లు నడిపే మనిషి ఉందని, ఆ జీతంలో ఆమె శ్రమ ఉందని మనం చెబుతూనే ఉన్నాం. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో ఇదే అంది. ఆ కేసులో భర్త సౌదీ అరేబియాలో పనిచేశాడు, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లలనూ చూసుకుంది. ఆస్తుల్లో ఆమె శ్రమ కూడా ఉందని, ఆమెకు సమాన వాటా ఉందని కోర్టు చెప్పింది. అయితే ఇది ఒక కేసులో వచ్చిన తీర్పు. పెళ్ళి తర్వాత కూడబెట్టిన ఆస్తిలో భార్యకు దానంతటదే సగం ఇచ్చే చట్టం గోవా వంటి కొద్ది చోట్ల తప్ప మన దేశంలో లేదు. అందుకే కాగితం మీద ఎవరి పేరుందన్నది ఇంకా ముఖ్యమే.

మా ఇంటి విషయంలో మరొక మెలిక ఉంది. ఆ పాత ఫ్రిజ్ వదినది. ఇరవై ఏళ్ళ కిందట పెళ్ళిలో వాళ్ళ నాన్న కొనిచ్చింది. ఆయన అప్పు చేసి కొన్నాడని తర్వాత తెలిసింది. షాపువాళ్ళు పాతది తీసుకుని కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తామన్నారు. మనమంతా ఎక్స్ఛేంజ్ ఆఫర్ అని సంతోషిస్తాం. జరిగేదేమిటో చూడండి. వదిన సొత్తు షాపుకు పోతుంది. దాని విలువ కొత్త బిల్లులో కలిసిపోతుంది. బిల్లు భర్త పేరు మీద వస్తుంది. ఎవరూ బలవంతం చేయకుండా, ఎవరూ గమనించకుండా ఒక స్త్రీ ఆస్తి మరొకరిదైపోతుంది. ఫ్రిజ్ ఒక్కటే కాదు, పాత బంగారం మార్చి కొత్తది కొనేటప్పుడూ ఇదే జరుగుతుంది.

కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరం. పెళ్ళిలో ఫ్రిజ్ అడిగే ఆచారాన్ని మనం ఎన్నడూ సమర్థించం. కానీ ఇచ్చినది ఎవరికి చెందుతుందన్న విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. ఆ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం కట్నంగా ఇచ్చినదేదైనా వేరేవాళ్ళ చేతికి వస్తే మూడు నెలల్లోగా ఆ స్త్రీకి అప్పగించాలి. ఆమెకు కానుకగా వచ్చినవి ఆమె స్త్రీధనం. అది పూర్తిగా ఆమె సొత్తని, భర్త దగ్గరో అత్తవారి దగ్గరో ఉన్నంత మాత్రాన వాళ్ళది కాదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరం కింద ఫిర్యాదు చేయవచ్చు. పాత శిక్షాస్మృతిలో అది 406వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 316. పెళ్ళి కానుకల జాబితా రాసి సంతకాలతో ఉంచుకోవాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. ఎన్ని పెళ్ళిళ్ళలో రాస్తున్నాం?

కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసే మిత్రులకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. విడిపోయే రోజు సామాన్ల జాబితా తయారు చేసేటప్పుడు మంచం, బీరువా, ఫ్రిజ్ దగ్గరే గొడవ మొదలవుతుంది. "బిల్లు చూపించు" అంటారు. బిల్లు ఉండదు. ఉంటే మామగారి పేరునో భర్త పేరునో ఉంటుంది. లేదా అసలు వస్తువు ఎప్పుడో ఎక్స్ఛేంజ్‌లో పోయి ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఆ తలుపు తీసి మూసిన మనిషి, అది తనదని రుజువు చేసుకోలేకపోతుంది.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు స్త్రీల పేరు మీద ఇచ్చారు. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా స్త్రీని గుర్తించింది. ప్రభుత్వం ఇచ్చే పొయ్యీ బియ్యమూ ఆమె పేరున ఉండవచ్చు గాని, కుటుంబం కొనే వస్తువు మాత్రం ఆమె పేరున ఉండకూడదా?

వారం తర్వాత మళ్ళీ షాపుకు వెళ్ళాం. ఈసారి వదిన చేతిలో ఆ గీతల కాగితం, గుమ్మం కొలత ఉన్నాయి. తలుపులు తీసి చూసింది, వంగి చూసింది, అరలు బయటికి లాగి బరువు చూసింది. కరెంటు చీటీ మీద నక్షత్రాలు కాక, ఏడాదికి ఎన్ని యూనిట్లో చదివింది. వేర్వేరు రకాల మధ్య పోల్చడానికి నక్షత్రాలకన్నా ఆ అంకె నమ్మదగింది. ఫ్రీజర్ కింద ఉండే ఒక మధ్యరకం ఫ్రిజ్ దగ్గర ఆగింది. అన్నయ్య కాసేపు గొణిగాడు గాని కాగితం చూశాక ఊరుకున్నాడు. బిల్లు రాసేటప్పుడు కౌంటర్లో కుర్రాడు "పేరు చెప్పండి సార్" అన్నాడు. వదిన, "పాత ఫ్రిజ్ నాది. బిల్లు నా పేరున రాయండి" అంది. "ఇంట్లోనే కదా ఉండేది, ఎవరి పేరయితే ఏమిటి?" అన్నాడు అన్నయ్య. "ఎవరి పేరయినా ఒకటే అయితే నా పేరే రాయించు" అంది వదిన. అన్నయ్య దగ్గర దానికి జవాబు లేదు.

అందరూ ఇదే రకం కొనాలని నేననడం లేదు. ఇద్దరే ఉండే ఇంటికి సింగిల్ డోర్ చాలు. దాన్ని గట్టి స్టాండు మీద పెడితే కింది డబ్బా కొంత పైకి వస్తుంది, ఖర్చూ తక్కువ. ఫ్రీజర్ ఎక్కువగా వాడే ఇళ్ళ లెక్క వేరు. ఏ రకమన్నది ఆ ఇంటి పని చెబుతుంది. ఆ పని ఎవరు చేస్తున్నారో వాళ్ళను అడగాలి, వాళ్ళ నడుమూ మోకాళ్ళూ కొలత కావాలి, బిల్లు వాళ్ళ పేరున ఉండాలి. మన సంఘాల సమావేశాల్లో హక్కుల గురించి చెప్పేటప్పుడు ఒక ఆదివారం ఇలా గీతలు గీయమని అడిగి చూడండి. ఖాళీ కాగితం, పెన్సిలు తప్ప ఏమీ అక్కర్లేదు.

అన్నట్టు, అన్నయ్య వాళ్ళింట్లో ఆ కాగితాన్ని వదిన పారేయలేదు. కొత్త ఫ్రిజ్ తలుపుకు అంటించింది. నెలకోసారి ఫ్రిజ్ కడిగే వంతు ఎవరిదన్నది దాని మీద రాయాలి. పనిచేసే ఆమె చేస్తే దానికి వేరే డబ్బు ఇవ్వాలని తేలింది. లేకపోతే మా మేనల్లుడు కడగాలి. ఆ చర్చ ఇంకా నడుస్తోంది.